టైప్ 1 షుగర్ ఉన్న బిడ్డను బెంగళూరులో చూసుకోవడం, నయంచేసే మందు కోసం విరాళాలు పోగుచేయడం ఎలా?

పిల్లలకు టైప్ 1 డయాబెటిస్ అని తేలగానే ఇంట్లో రెండు ఆరాటాలు మొదలవుతాయి. ఈ పూట ఇన్సులిన్ ఎంత వేయాలన్నది ఒకటి. దీన్ని పూర్తిగా నయంచేసే మందు ఎప్పుడొస్తుంది, దానికి మనం చేయగలిగిందేమైనా ఉందా అన్నది రెండోది. మొదటిది గాడిన పడకముందే రెండోదాని వెంట పరుగెడితే రెండూ చెడతాయి. అందుకే ముందు ఇల్లు, తర్వాత బడి, ఆ తర్వాతే విరాళాల సంగతి.

మిఠాయిలు ఎక్కువ తిన్నందుకు వచ్చే జబ్బు కాదిది. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. తాతయ్యకున్న షుగర్ వేరు, ఇది వేరు. ఆయన మాత్రలు దీనికి పనికిరావు, ఇన్సులిన్ లేకుండా గడవదు. మోతాదులు మీ డాక్టరు రాసిచ్చినవే వాడాలి. ఇక్కడ చెప్పేదంతా వాటిని ఇంట్లో అమలుచేసే తీరు.

1. సూది దగ్గర పొరపాట్లు రాకుండా చూసుకోండి

మన దగ్గర ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. సీసాల్లో ఎక్కువగా యూ-40, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్ను కార్ట్రిడ్జుల్లో యూ-100, అంటే 3 మిల్లీలీటర్లలో 300 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి యూ-40కి, నారింజ మూతది యూ-100కి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జులోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే, గీత 4 యూనిట్లని చూపిస్తున్నా లోపలికి వెళ్లేది 10 యూనిట్లు. తిరగేసి చేస్తే మోతాదు సగం కూడా అందదు. సిరంజిలు కొన్న ప్రతిసారీ మూత రంగు, సీసా మీది అంకె పక్కపక్కన పెట్టి చూడండి.

పెన్నుకు పిల్లలకైతే 4 మిల్లీమీటర్ల సూది చాలు. ముందు 2 యూనిట్లు గాలిలోకి వదిలి, సూది కొసన చుక్క కనబడ్డాకే మోతాదు తిప్పాలి. గుచ్చి, బటన్ పూర్తిగా నొక్కాక 10 లెక్కపెట్టి తీయాలి. తొందరపడితే మందు చర్మం మీదే కారిపోతుంది. సూదిని పెన్నుకే వదిలేస్తే లోపల గాలి బుడగలు చేరతాయి. పొట్ట, తొడలు, పిరుదులు మార్చుకుంటూ, ఒకే చోటైనా కనీసం వేలెడు దూరం జరుపుతూ వేయండి. నొప్పి తెలియదని పిల్లలు ఒకే చోటు అడుగుతారు. అక్కడ కొవ్వు గడ్డకట్టి, మందు ఒకరోజు పట్టి ఒకరోజు పట్టక షుగర్ అంతుచిక్కకుండా ఊగుతుంది. మోతాదు పెంచే ముందు ఆ చోటు తడిమి చూడండి.

తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి. ఫ్రీజర్ కింది అరలోనో, వెనక గోడకు ఆనించో పెడితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పారేయాల్సిందే. తెరిచినవాటిలో చాలా రకాలు 30 డిగ్రీలలోపు 28 రోజులు ఉంటాయి. తెరిచిన తేదీ పెన్ను మీద రాసి అతికించండి. బెంగళూరులో ఇది సులువే. చిక్కల్లా ఎండాకాలం సెలవులకు అనంతపురమో కర్నూలో వెళ్లినప్పుడు. కరెంటు పోతే తడి ఇసుకలో కుదురుకున్న మట్టికుండ, మీద తడిగుడ్డ కప్పి నీడలో పెడితే చాలా వరకు కాపాడుతుంది. మందు కుండలో నీళ్లకు తగలకుండా మూతపెట్టిన డబ్బాలో ఉండాలి. రాత్రి బస్సు ఎక్కితే ఇన్సులిన్ సంచిని డిక్కీలో వేయనివ్వకండి, ఒళ్లోనే ఉంచుకోండి.

2. కంచంలో లెక్క

డాక్టరు "15 గ్రాముల పిండిపదార్థానికి 1 యూనిట్" వంటి నిష్పత్తి ఇస్తారు. మొదటి నెలలు వంటింటి త్రాసు తప్పనిసరి. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. 150 గ్రాముల అన్నం, కాస్త పెరుగు కలిపితే దాదాపు 45 గ్రాములు. పై నిష్పత్తిలో 3 యూనిట్లు. భోజనానికి ముందు వేసే త్వరగా పనిచేసే రకాలు 10, 15 నిమిషాల ముందు, పాత రెగ్యులర్ ఇన్సులిన్ అయితే అరగంట ముందు.

రాగిముద్ద షుగర్‌కు మంచిదని ఎవరో చెబుతారు. రాగిపిండిలోనూ 100 గ్రాములకు 70 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంది, బియ్యానికి పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువ కాబట్టి మేలే, కానీ ఇన్సులిన్ లెక్కలోంచి తప్పించడానికి లేదు. ఇంకోటి, ఇక్కడి హోటల్ సాంబారులో బెల్లం పడుతుంది. ఇంటి సాంబారు లెక్కతో అక్కడ ఇడ్లీ తినిపించి, తర్వాత మీటర్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది.

పరీక్షకు ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. మామిడిపండు తిన్న వేలితో చేస్తే మీటర్ లేని షుగర్ చూపిస్తుంది. చేతికి అతికించే సెన్సర్ వాడుతుంటే, రాత్రి ఆ చెయ్యి కింద పడి నిద్రపోయినప్పుడు షుగర్ పడిపోయినట్టు అలారం మోగుతుంది. అటు తిప్పి పడుకోబెట్టి, వేలి నుంచి ఒకసారి చూశాకే చక్కెర ఇవ్వండి.

3. షుగర్ పడిపోతే

70 కంటే తక్కువైతే వెంటనే చికిత్స, 54 కంటే తక్కువైతే ప్రమాదం. చెమట, వణుకు, ఆకలి, కారణం లేని చిరాకు గుర్తులు. పెద్దలకు చెప్పే 15 గ్రాముల గ్లూకోజు చిన్నపిల్లలకు ఎక్కువవుతుంది. కిలో బరువుకు 0.3 గ్రాములు లెక్క: 20 కిలోలకు 6 గ్రాములు, 30 కిలోలకు 9, 50 కిలోలకు 15. గ్లూకోజు పొడిని ముందే తూచి చిన్న పొట్లాలు కట్టుకోండి. అందుబాటులో లేకపోతే చక్కెర, తలగొట్టిన టీచెంచాకు సుమారు 4 గ్రాములు. ఇచ్చి 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించండి. ఇంకా తక్కువే ఉంటే అంతే మళ్లీ ఇవ్వండి. చాక్లెట్, ఐస్‌క్రీమ్ వద్దు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. డైట్ కూల్‌డ్రింకులో అసలు చక్కెరే లేదు.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, చెంచా పెట్టకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. డాక్టరు రాసిచ్చిన గ్లూకగాన్, అంటే షుగర్‌ను పెంచే ఇంజెక్షన్, ఇంట్లో ఉంటే 25 కిలోల లోపు పిల్లలకు అర మిల్లీగ్రాము, ఆపై 1 మిల్లీగ్రాము ఇచ్చి 108కి ఫోన్ చేయండి. లేకపోతే నేరుగా 108.

4. జ్వరం, వాంతులు వచ్చిన రోజు

అన్నిటికంటే పెద్ద తప్పు జరిగేది ఇక్కడే. "ఏమీ తినలేదు కదా, సూది ఎందుకు" అని ఆపేస్తారు. తినకపోయినా శరీరానికి ఇన్సులిన్ కావాలి, జ్వరంలో ఇంకా ఎక్కువ కావచ్చు. రోజువారీ దీర్ఘకాల ఇన్సులిన్ ఆపకూడదు. రెండు మూడు గంటలకోసారి షుగర్ చూడాలి. 250 దాటి దిగకుంటే, వాంతులు మొదలైతే, మూత్రంలోనో రక్తంలోనో కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి తయారయ్యే ఆమ్లాలు, చూడాలి. రక్తంలో 0.6 లోపు మామూలు. 1.5 దాటితే డాక్టరుకు ఫోను, 3 దాటితే ఆస్పత్రి. షుగర్ ఎక్కువగా ఉంటే పల్చటి మజ్జిగ, నీళ్లు, చారు తాగించండి. తక్కువగా ఉంటే చక్కెర వేసిన పానీయం. వాంతులు ఆగకపోయినా, ఊపిరి లోతుగా ఎగబీలుస్తున్నా, నోటి నుంచి పండ్ల వాసన వస్తున్నా అంకెల కోసం ఆగొద్దు, బయల్దేరండి.

జబ్బు బయటపడిన కొన్ని వారాలకు చాలామంది పిల్లల్లో ఇన్సులిన్ అవసరం బాగా తగ్గుతుంది. మిగిలిన కాసిని బీటా కణాలు కొన్నాళ్లు కోలుకుంటాయి, అంతే. సరిగ్గా ఈ సమయంలోనే ఎవరో ఒకరు ఊరి పేరు, ఆకు పసరు చెబుతారు. మందు మానేస్తారు, మొదట్లో బాగానే ఉంటుంది, ఓ జ్వరంతో బిడ్డ ఐసీయూలో తేలుతుంది. మోతాదు తగ్గించడానికి డాక్టరున్నారు. ఆపడం మాత్రం లేదు.

5. బడితో ఏం మాట్లాడాలి

క్లాసు టీచరుకు, పీటీ మాస్టారుకు, ఆయమ్మకు, బస్సు డ్రైవరుకు ఒక్కో కాగితం. ఇంగ్లీషుతోపాటు కన్నడలోనూ ఉండాలి, ఆపద వేళ దగ్గరుండేది ఆయమ్మే కావచ్చు. అందులో మూడే విషయాలు: గుర్తులు, ఏం ఇవ్వాలి, ఎవరికి ఫోన్ చేయాలి. బడిలో ఒక డబ్బా ఉంచండి: మీటర్, స్ట్రిప్పులు, లాన్సెట్లు, తూచిన గ్లూకోజు పొట్లాలు, బిస్కెట్లు, వాడిన సూదులు వేసే గట్టి ప్లాస్టిక్ సీసా. డబ్బా తాళం వేసిన ఆఫీసు గదిలో ఉంటే లేనట్టే, క్లాసులోనే ఉండాలి.

ఇక్కడి ట్రాఫిక్ వల్ల ఒక జాగ్రత్త. ఇంట్లో సూది వేసి "టిఫిన్ బడిలో తింటాడులే" అని బస్సెక్కిస్తే, బస్సు సిల్క్‌బోర్డు దగ్గరో టిన్ ఫ్యాక్టరీ దగ్గరో ఇరుక్కుంటుంది. ఇన్సులిన్ మాత్రం ఆగదు. సూది వేసిన చోటే తినాలి. గ్లూకోజు పొట్లం పుస్తకాల సంచిలో కాదు, యూనిఫామ్ జేబులో ఉండాలి. పీటీకి ముందు పరీక్ష చేయాలి. సాయంత్రం బాగా ఆడిన రోజు రాత్రి షుగర్ పడిపోవచ్చు, పడుకునే ముందు ఒకసారి చూడండి.

బడి వెనకాడితే చూపించడానికి ఆధారాలున్నాయి. 10, 12 తరగతుల బోర్డు పరీక్షల్లో టైప్ 1 పిల్లలు చక్కెర బిళ్లలు, తినుబండారాలు, నీళ్లు, మీటర్ తెచ్చుకోవడానికి సీబీఎస్‌ఈ 2017లో అనుమతించింది. బడిలో పరీక్షకు, సూదికి వీలు కల్పించాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకు లేఖ రాసింది. తగువుగా కాకుండా, కాగితం టేబుల్ మీద పెట్టి మాట్లాడితే చాలాచోట్ల పని జరుగుతుంది.

6. విరాళాలు: ముందు దేనికో తేల్చుకోండి

"నయంచేసే మందు కోసం" అని అడిగి ఆ డబ్బుతో స్ట్రిప్పులు కొంటే, ఉద్దేశం మంచిదైనా మాట తప్పినట్టే. పరిశోధన, పేదపిల్లల ఇన్సులిన్ వేర్వేరు ఖాతాలు. మా అభిప్రాయం అడిగితే, చిన్న బృందం మొదట ఇన్సులిన్, స్ట్రిప్పులకే సేకరించడం మేలు, ఫలితం వెంటనే కనబడుతుంది. నిమ్హాన్స్ దగ్గరున్న ఇందిరాగాంధీ పిల్లల ఆస్పత్రి వంటి ప్రభుత్వ చోట్లకు వెళ్లి, ఏది కొరతగా ఉందో అడిగి మొదలుపెట్టండి.

పరిశోధనకే అయితే దాతకు ఉన్నదున్నట్టు చెప్పండి. టెప్లిజుమాబ్ అనే మందును అమెరికా 2022 నవంబరులో ఆమోదించింది. అది జబ్బు ముదరడాన్ని వాయిదా వేస్తుంది, వచ్చినదాన్ని నయంచేయదు. మూలకణాల నుంచి పెంచిన ఐలెట్ కణాలు (ఇన్సులిన్ తయారుచేసేవి) ఎక్కించిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి: పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. కానీ వాళ్లు పెద్దవాళ్లు, రక్షణ వ్యవస్థను అణిచే మందులు వాడుతూనే ఉండాలి. పిల్లలకు ఇంకా రాలేదు. "మూలకణాలతో ఇక్కడే నయంచేస్తాం, ఇన్ని లక్షలు" అనే క్లినిక్ కోసం మాత్రం పైసా పోగుచేయొద్దు. అసలైన ప్రయోగం సీటీఆర్ఐలో, అంటే మన దేశపు వైద్య ప్రయోగాల రిజిస్టరులో, నమోదై ఉంటుంది, చేరినవాళ్ల దగ్గర మందుకు డబ్బు తీసుకోదు.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నది తర్వాతి ప్రశ్న. మీ సొంత యూపీఐకి ఎంతమాత్రం వద్దు. ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదు ఉన్న ట్రస్టు ఖాతాకే నేరుగా పంపించండి. దాతకు పన్ను మినహాయింపు కావాలంటే పాన్ నంబరు ఇవ్వాలి, 2,000 రూపాయలకు మించిన నగదుకు అది వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు. ఇది ముందే చెప్పకపోతే మార్చిలో ఫోన్లు మీకే వస్తాయి. ఆన్‌లైన్ వేదిక వాడితే దాని రుసుము ఎంతో, దాత పేజీలో ముందే టిక్ చేసి ఉన్న టిప్పు ఎంతో చూసుకోండి.

అమెరికా బంధువులు లేని తెలుగు ఇల్లు తక్కువ కాబట్టి ఇది వివరంగా. భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. అలాంటివాళ్లు పరిశోధనకే ఇవ్వదలిస్తే అక్కడి బ్రేక్‌త్రూ టీ1డీ, అంటే 2024 దాకా జేడీఆర్ఎఫ్ అన్న సంస్థకు, నేరుగా ఇవ్వడం తేలిక.

7. విరాళాల కోసం నడక ఏర్పాటు

నవంబరు 14 రెండు విధాలా కలిసొస్తుంది, బాలల దినోత్సవం, ప్రపంచ డయాబెటిస్ దినం కూడా. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజది. మొదటిసారి రోడ్డు మీదికి వెళ్లకండి, పోలీసు అనుమతులకే నెల గడిచిపోతుంది. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో లోపలి దారి సరిపోతుంది, అసోసియేషన్ రాతపూర్వక అనుమతి చాలు. టీషర్టులు, స్టేజీ, మైకు ఖర్చు ఒక దాతనో కంపెనీనో భరించమనండి. వచ్చిన విరాళంలోంచి టీషర్టు కొన్నారంటే మరుసటి ఏడు ఎవరూ ఇవ్వరు.

అడిగేటప్పుడు "తోచినంత" అనొద్దు. రోజుకు 4 స్ట్రిప్పులైతే ఒక బిడ్డకు నెలకు 120, అంటే 50 స్ట్రిప్పుల డబ్బాలు దాదాపు రెండున్నర. మీకు సరఫరా చేసేవారి ధరతో హెచ్చవేసి "ఒక బిడ్డకు ఒక నెల" అని అంకె చెప్పండి. ఇళ్లలో మిగిలిన ఇన్సులిన్ తెచ్చిస్తామంటే తీసుకోకండి, అది ఎంత వేడిలో ఉందో ఎవరికీ తెలియదు. స్ట్రిప్పులైతే సీలు, గడువు తేదీ, ఏ మీటర్‌కు సరిపోతాయో చూసి తీసుకోండి.

పోస్టరు మీద బిడ్డ ఫొటో వేయాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారంతోపాటు బిడ్డను కూడా అడగండి. ఆడపిల్ల ఇంట్లో "రేపు సంబంధాలు" అని సంకోచిస్తే ఒత్తిడి చేయకండి. డయాబెటిస్‌కు చిహ్నమైన చిన్న నీలి వలయం గుర్తుతోనే పోస్టరు నడుస్తుంది.

నడక ముగిసిన 15 రోజుల్లోపు వచ్చినది, బిల్లులతో ఖర్చు, ట్రస్టుకు చేరిన మొత్తం, ఎంతమంది పిల్లలకు ఎన్ని డబ్బాలు వెళ్లాయన్నది ఒక్క పేజీలో రాసి ఇచ్చినవాళ్లందరికీ పంపండి. 50 రూపాయలిచ్చిన వాచ్‌మన్‌కు కూడా.