ఋతువుల పండుగలను పేగన్ పద్ధతిలో జరుపుకోవడం ఎలా?

ప్రకృతిని, ఐరోపా పాత దేవతలను కొలిచే ఆధునిక పేగన్ మార్గాల్లో అందరికీ చెల్లే ఒకే గ్రంథం లేదు, ఒకే గురుపీఠమూ లేదు. చాలామంది పాటించేది ఎనిమిది పండుగల సంవత్సర చక్రం. అందులో నాలుగు సూర్యుడి గతిని బట్టి వస్తాయి. డిసెంబరు 21 ప్రాంతంలో యూల్, మార్చి 20 ప్రాంతంలో ఓస్టారా, జూన్ 21 ప్రాంతంలో లీథా, సెప్టెంబరు 22 ప్రాంతంలో మేబన్. వాటి నడుమ ఫిబ్రవరి 1న ఇంబోల్క్, మే 1న బెల్టేన్, ఆగస్టు 1న లూనాసా, అక్టోబరు 31న సావిన్ వస్తాయి. నడిమి పండుగల మూలాలు పాత ఐర్లండ్‌లో ఉన్నాయి. కానీ ఎనిమిదింటినీ ఒకే చక్రంగా కూర్చింది మాత్రం 20వ శతాబ్దం మధ్యలో, బ్రిటన్‌లో. మేబన్ అనే పేరైతే 1970లలో పెట్టిందే. వేల ఏళ్లుగా అక్షరం మారని విధి అని ఎవరైనా భయపెడితే పట్టించుకోనక్కర్లేదు.

మొదటి పని: ఆకాశం చూడటం

సామగ్రి కొనేముందు తూర్పు దిక్కు తెరిపిగా కనిపించే చోటొకటి ఎంచుకోండి. మేడ మీదైనా, కిటికీ దగ్గరైనా సరే. పండుగకు రెండు వారాల ముందునుంచి సూర్యుడు ఎక్కడ పొడుస్తున్నాడో ఏదో ఒక చెట్టునో స్తంభాన్నో ఆనవాలుగా పెట్టుకుని గమనించండి. మార్చి, సెప్టెంబరుల్లో ఆ చోటు రోజుకు దాదాపు సూర్యబింబమంత జరుగుతుంది. జూన్, డిసెంబరు చివరి వారాల్లో కదలిక ఆగిపోయినట్టే ఉంటుంది. ఆ ఆగడమే అయనాంతం. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ సమాధిని 5,000 ఏళ్ల క్రితమే ఈ లెక్కతో కట్టారు. డిసెంబరు అయనాంతపు రోజుల్లో ఉదయపు వెలుగు దాని లోపలి గదిదాకా పాకుతుంది. నా మటుకు నాకు ఈ గమనింపే అసలు పూజ, మిగతాదంతా అలంకారం.

రెండో పని: తేదీ సరిచూసుకోవడం

అయనాంతం ఒక క్షణం, రోజంతా కాదు. 2026 డిసెంబరులో అది అంతర్జాతీయ ప్రామాణిక సమయం (UTC) ప్రకారం 21వ తేదీ రాత్రి 8:50కి వస్తుంది. భారత్‌తో సహా తూర్పున ఉన్న దేశాల్లో అప్పటికే 22 అయిపోతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేవారు చాలామంది చక్రాన్ని ఆరు నెలలు తిప్పి, జూన్‌లో యూల్ చేసుకుంటారు. నాలుగు ఋతువులు స్పష్టంగా లేని చోట మంచు, వసంతం అంటూ పుస్తకాల మాటలు అప్పు తెచ్చుకోవడం కన్నా, మీ దగ్గర ఆ నెలలో నిజంగా పూసేది, రాలేది, ఎండేది ఏదో దాన్నే పండుగకు కేంద్రంగా పెట్టుకోండి.

మూడో పని: క్రతువు

చిన్న బల్ల మీద ఆ కాలంలో రాలిన ఆకులు, గింజలు, ఓ గిన్నెలో నీళ్లు, ఒక దీపం ఉంచితే చాలు. చుట్టూ వలయం గీసినట్టు నెమ్మదిగా నడవండి. నాలుగు దిక్కులకూ తిరిగి గాలి, నిప్పు, నీరు, మట్టిని పలకరించండి. ఏ దిక్కుకు ఏ భూతమో సంప్రదాయాన్ని బట్టి మారుతుంది. తర్వాత పండుగకు తగిన పని ఒకటి చేయండి. యూల్ నాడు దీపాలన్నీ ఆర్పి చీకట్లో కాసేపు కూర్చుని మళ్లీ ఒక్కటి వెలిగించడం, పోయినవారి పేర్లు సావిన్ నాడు బిగ్గరగా చదవడం లాంటివి. కొంచెం ఆహారం పంచుకుని, పిలిచిన దిక్కులకు వీడ్కోలు చెప్పి ముగించండి. గొంతు వణికినా, మాటలు మరిచిపోయినా ఏమీ కాదు.

నైవేద్యంగా నేల మీద ఉప్పు పోయకండి, మొక్కలు చస్తాయి. కొమ్మలకు ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టకండి. ఆరుబయట మంట వేస్తే పక్కనే నీళ్లు ఉండాలి. ప్రకృతిని కొలుస్తూ చెత్త వదిలి వచ్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

చంద్రుడు, గ్రహణాలు

పున్నమి సుమారు 29.5 రోజులకోసారి వస్తుంది కాబట్టి సాధనకు అదే అనువైనది. ఆరుబయట పది నిమిషాలు మౌనంగా కూర్చున్నా చాలు. గ్రహణానికి స్థిరమైన విధి లేదు. కొందరు ప్రత్యేకంగా క్రతువు చేస్తారు, కొందరు ఆ సమయంలో ఏమీ చేయరు. 2026 ఆగస్టు 12న సంపూర్ణ సూర్యగ్రహణం గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్ల మీదుగా సాగుతుంది. ధ్యానం ఎంత గాఢంగా ఉన్నా, సూర్యుడు పూర్తిగా కప్పుకుపోయిన ఆ కొద్ది క్షణాలు తప్ప గ్రహణపు కళ్లద్దాలు తీయకూడదు. పాక్షికంగా కనిపించే చోట అసలు తీయకూడదు.