సాల్ట్‌లేక్ స్టేడియంలో డెర్బీ చూడ్డానికి శ్రీకాకుళం నుంచి ఎలా వెళ్లాలంటే

మన దేశానికి ఇదే నేషనల్ ఫుట్‌బాల్ స్టేడియం అని ఎవరూ బోర్డు పెట్టలేదు గానీ బంతి పిచ్చి ఉన్నోళ్లని అడగండి, కోల్‌కతా సాల్ట్‌లేక్ పేరే చెప్తారు. అసలు పేరు వివేకానంద యువభారతి క్రీడాంగన్, అంత పొడుగు పేరు ఆటోవాడికి చెప్పక్కర్లేదులెండి. డెర్బీ అంటే ఒకే ఊరి రెండు క్లబ్బులు, ఇక్కడైతే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, తలపడే ఫుట్‌బాల్ మ్యాచ్.

ఆమదాలవలసలో, అదే మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, హౌరా మెయిల్ ఎక్కేయండి. హౌరాలో దిగాక టాక్సీవాళ్లతో బేరాలొద్దు, పక్కనే మెట్రో ఉంది, హుగ్లీ నది కిందనుంచి పోద్ది, గ్రీన్ లైన్ ఎక్కితే బండి మారకుండానే సాల్ట్‌లేక్ స్టేడియం స్టేషన్లో దిగిపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, చొక్కా. ఎరుపు-పసుపు ఈస్ట్ బెంగాల్ వాళ్లది, ఆకుపచ్చ-మెరూన్ మోహన్ బగాన్ వాళ్లది, రెండు జట్ల అభిమానులకీ గ్యాలరీలు వేరు. నేను మొదటిసారి ఎర్ర చొక్కాతో బగాన్ వాళ్ల మధ్యలో కూర్చున్నాను, టికెట్ మీద గేట్ నంబర్ చూశానే గానీ అది ఎవరి వైపో చూసుకోలేదు, ఇంక చూడాలి నా పాట్లు, పక్కనున్న పెద్దాయన నవ్వి తన కండువా ఇచ్చి కప్పుకోమన్నాడు. తెల్ల చొక్కా వేసుకెళ్లిపోండి, గొడవుండదు.

సీటు మాత్రం మధ్య అంతస్తులో తీసుకోండి. గ్రౌండ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంది కాబట్టి కిందనుంచి అవతలి గోల్ సరిగ్గా కనపడదు, మరీ పైనుంచైతే ఆటగాళ్లు చీమల్లా ఉంటారు.

1984లో కట్టినప్పుడు లక్ష దాటి జనం పట్టేవారు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీస్‌కి 1,31,781 మంది వచ్చారు, బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, మోహన్ బగాన్ మీద ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. లక్షా ముప్పై వేలంటే ఏటనుకున్నారు, మన శ్రీకాకుళం టౌన్ జనాభాకి దగ్గర్లో ఉంటది బాబూ! 2011లో మెస్సీ ఇక్కడే ఆడాడు, 2017 అండర్-17 ప్రపంచకప్‌కి బెంచీలు తీసి కుర్చీలు వేశారు, దాంతో జనం పట్టడం తగ్గింది. మన దేశ జట్టు కెప్టెన్ సునీల్ ఛెత్రి 2024లో దేశం తరఫున ఇదే ఆఖరిదని చెప్పి మ్యాచ్ ఆడిందీ ఇక్కడే, 2025లో మళ్లీ తిరిగొచ్చి ఆడాడనుకోండి.

ఆన్‌లైన్ టికెట్ ఉన్నా కౌంటర్లో మార్చుకోవాలా లేదా అన్నది ముందే చూసుకోండి. వాటర్ బాటిల్, పవర్ బ్యాంక్ రూంలోనే వదిలేయండి. మ్యాచ్ అవ్వగానే మెట్రోకి పరిగెత్తకండి, తోపులాట మామూలుగా ఉండదు, ఓ అరగంట బయట టీ తాగి అప్పుడు ఎక్కండి, తిరుగు రైలు మాత్రం మర్నాటికి పెట్టుకోండి.