కెమెరా కోసం పాత ఫ్లాగ్‌షిప్ కొంటున్నారా? మళ్లీ ఎంతకి అమ్ముడుపోతుందో కూడా ఇప్పుడే చూసుకోండి

2023 ఫిబ్రవరిలో శాంసంగ్ ఎస్23 అల్ట్రా మన దగ్గర 1,24,999 రూపాయలకి వచ్చింది. అదే ఫోన్ పాతది, గీతల్లేని పీస్, ఇప్పుడు అందులో సగం కూడా పెట్టకుండా దొరుకుతుంది. ఫొటోలు మాత్రం అప్పుడెలా తీసేదో ఇప్పుడూ అలాగే తీస్తుంది. ఫోన్ ధర పడిపోయినంత వేగంగా దాని కెమెరా పాతబడదు, కెమెరా కోసమే ఫోన్ కొనేవాళ్లకి పనికొచ్చే సంగతి ఇదే. కొత్త ముప్పై వేల ఫోన్‌కీ, రెండేళ్లు వాడిన ఫ్లాగ్‌షిప్‌కీ (అంటే కంపెనీ అమ్మేవాటిలో అన్నిటికంటే పై మోడల్‌కీ) మధ్య తేల్చుకోలేకపోతున్నారా? జూమ్, రాత్రి ఫొటోలు, వీడియో ముఖ్యమైతే నేను రెండోదే తీసుకోమంటాను. కాకపోతే చూసి కొనాలి, కొన్నరోజే అమ్మే సంగతి కూడా ఆలోచించుకోవాలి.

ముందు లెక్క

ఫోన్ ఖరీదు అంటే కొన్న రేటు కాదు. కొన్న రేటులోంచి అమ్మిన రేటు తీసేసి, వాడిన నెలలతో భాగిస్తే వచ్చేదే అసలు ఖరీదు. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. కొత్తది 80,000కి కొని రెండేళ్ల తర్వాత 40,000కి అమ్మితే నెలకి దాదాపు 1,670 పోయినట్టు. అదే రకం ఫోన్ పాతది 45,000కి కొని, రెండేళ్లు వాడి 25,000కి అమ్మితే నెలకి 830 దాకా. ఏ మోడల్ చూస్తున్నా, దానికంటే రెండేళ్లు పాత మోడల్ ఇవాళ పాత ఫోన్ల మార్కెట్లో ఎంతకి పోతోందో చూడండి, మీది రెండేళ్ల తర్వాత ఎంతకి పోతుందో సుమారుగా తెలిసిపోతుంది.

ఐఫోన్ రేటు నిలబడుతుంది, ఆండ్రాయిడ్ పడిపోతుంది అని అందరూ అనేదే, అది చాలావరకు నిజం కూడా. కారణం మోజు ఒక్కటే కాదు. ఆండ్రాయిడ్ ఫ్లాగ్‌షిప్ కొత్తదే దసరా సేల్‌లో వేలకి వేలు తగ్గిపోతుంది, కొత్తది తగ్గితే పాతది ఎవడు ఎక్కువ పెట్టి కొంటాడు? ఆపిల్ మాత్రం తగ్గించేది కూడా ఒక పద్ధతిలో తగ్గిస్తుంది. 79,900కి వచ్చిన ఐఫోన్ 14ని 2023 సెప్టెంబర్‌లో 15 రాగానే 69,900 చేసింది, మరుసటి ఏడాది 16 వచ్చినప్పుడు 15కీ అదే జరిగింది. అందుకే ఐఫోన్ అమ్మాలనుకుంటే ఆగస్టు దాటనివ్వకండి, కొనాలనుకుంటే దసరా, దీపావళి అయ్యేదాకా ఆగండి, అప్పటికి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చిన ఫోన్లన్నీ షాపులకి చేరుతాయి. శాంసంగ్ ఎస్ సిరీస్ సాధారణంగా జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది కాబట్టి దాన్ని అమ్మాలంటే డిసెంబర్ దాటనివ్వకండి.

ఇంకో విషయం అప్‌డేట్లు. ఎస్24 సిరీస్‌కి, గూగుల్ పిక్సెల్ 8కి కంపెనీలు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఎస్23కి అయితే నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఐదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు, అంతే. అంటే ఇవాళ ఎస్23 కొని 2027 చివర్లో అమ్మబోతే, తెలిసిన కొనుగోలుదారు ఆ ఒక్క మాట పట్టుకుని రేటు తగ్గిస్తాడు. మీరు కొనేటప్పుడు అదే మాట మీరే వాడండి.

ఏ కెమెరా కావాలి

మెగాపిక్సెల్స్ చూసి కొనొద్దు. ఎస్23 అల్ట్రాలో 200 మెగాపిక్సెల్స్ ఉన్నా మామూలుగా నొక్కితే వచ్చేది 12 మెగాపిక్సెల్ ఫొటోనే, పదహారు చిన్న పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి వెలుతురు ఎక్కువ పట్టుకోవడానికి అలా చేస్తారు. మీరు ఏం తీస్తారు అన్నదే అసలు ప్రశ్న. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుతురులో ఒక్క క్షణం ఆగని పిల్లల్ని తీయాలంటే మెయిన్ కెమెరా సెన్సర్ (వెలుతురు పట్టుకునే చిప్) పెద్దదిగా ఉండాలి, షట్టర్ త్వరగా పడాలి. కల్యాణ మండపంలో ఆఖరి వరసలో కూర్చుని జీలకర్ర బెల్లం ఘట్టం తీయాలన్నా, స్కూల్ యానివర్సరీలో స్టేజీ మీద మీవాణ్ణి తీయాలన్నా టెలిఫొటో లెన్స్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా తీసేది) ఉండి తీరాలి. ఇక్కడ పాత మోడలే నయమనిపించే సందర్భాలున్నాయి. ఎస్23 అల్ట్రాలో 10ఎక్స్‌కి, అంటే పదింతలు దగ్గరగా చూపించడానికి, విడిగా ఒక లెన్స్ ఉండేది, ఎస్24 అల్ట్రాలో దాన్ని తీసేసి 50 మెగాపిక్సెల్ 5ఎక్స్ లెన్స్ పెట్టారు. ఐఫోన్ 15 ప్రోలో 3ఎక్స్, 15 ప్రో మ్యాక్స్‌లో 5ఎక్స్. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి కదా అని రెండూ ఒకటే కెమెరా అనుకుంటే పొరపాటు.

వివో ఎక్స్100 ప్రో లాంటివి ఒక ఇంచ్ సెన్సర్‌తో ఫొటోలు అదరగొడతాయి, కానీ మళ్లీ అమ్మేటప్పుడు వివో, షావోమి ఫ్లాగ్‌షిప్‌లకి బేరం గట్టిగా తగులుతుంది. అంటే పాతది కొనేవాడికి పండగ, కొత్తది కొని ఏడాదికే అమ్మేవాడికి దెబ్బ. పిక్సెల్ ఫొటోలు నాకు ఇష్టమే, కానీ చిన్న ఊళ్లలో దాన్ని అడిగేవాళ్లు తక్కువ, సర్వీస్ సెంటర్ కూడా దూరం. వీడియోలు ఎక్కువ తీసేవాళ్లు ఇంకేం ఆలోచించకుండా ఐఫోన్ ప్రో తీసుకోవచ్చు.

షాపులో కెమెరా చూడటం ఎలా

హైదరాబాద్‌లో ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ కావచ్చు, మీ ఊళ్లో బస్టాండ్ పక్కన మొబైల్ షాపు కావచ్చు, ఫోన్ చేతికివ్వగానే బయట ఎండలో ఒక ఫొటో తీసి "సూపర్ ఉందన్నా" అంటారు. ఎండలో ఏ ఫోనైనా సూపరే. మీరు షాపులో లైటు సరిగ్గా పడని మూల వెతుక్కోండి. తొందర పెడితే వెనక్కి ఇచ్చేయండి, వాళ్ల దగ్గర ఇంకో పీస్ ఉంటుంది, మీకు ఇంకో షాపు ఉంటుంది.

ఐఫోన్ అయితే ముందు సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరవండి. పార్ట్స్ మార్చి ఉంటే అక్కడ పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ కనిపిస్తుంది, ఐఫోన్ 12 నుంచి కెమెరా మార్చిన సంగతి కూడా అందులో పడుతుంది. అన్‌నోన్ పార్ట్ అని ఉంటే అది ఒరిజినల్ కాకపోవచ్చు, ఇంకో ఐఫోన్‌లోంచి తీసి వేసిందీ కావచ్చు. అక్కడే మోడల్ నంబర్ మొదటి అక్షరం చూడండి: ఎం ఉంటే కొత్తగా అమ్మింది, ఎఫ్ అయితే రిఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మింది), ఎన్ అయితే సర్వీస్‌లో మార్చి ఇచ్చిన ఫోన్. శాంసంగ్‌లో డయలర్‌లో *#0*# కొడితే టెస్ట్ మెనూ వస్తుంది, డిస్‌ప్లే, టచ్, కెమెరాలు అక్కడే చూసుకోవచ్చు. ఆమోలెడ్ స్క్రీన్‌ల మీద పచ్చ గీత వచ్చే బాధ చాలా కంపెనీల ఫోన్లలో ఉంది కాబట్టి తెల్ల స్క్రీన్ పెట్టి పైనుంచి కిందికి ఒకసారి చూడండి.

ఇప్పుడు లెన్స్‌లు. 3ఎక్స్ నొక్కినంత మాత్రాన 3ఎక్స్ లెన్స్ పనిచేస్తోందని కాదు. వెలుతురు తక్కువైనా, వస్తువు మరీ దగ్గరగా ఉన్నా ఫోన్ మీకు చెప్పకుండా మెయిన్ కెమెరా బొమ్మనే కోసి పెద్దది చేసి చూపిస్తుంది. బయటికొచ్చి దూరంగా ఉన్న బోర్డు మీద పెట్టి, టెలిఫొటో లెన్స్‌ని వేలితో మూయండి. స్క్రీన్ నల్లబడితే ఆ లెన్స్ పనిచేస్తున్నట్టే. వేలు పెట్టినా బోర్డు కనబడుతూనే ఉంటే, వెలుతురు బాగున్న చోట ఇంకోసారి చూసి, అప్పుడూ అంతే అయితే ఆ ఫోన్ వదిలేయండి. ఇలా 0.5ఎక్స్‌కీ (వెడల్పుగా తీసే లెన్స్), మిగతా అన్నిటికీ చేయాలి.

తర్వాత తెల్ల గోడనో ఆకాశాన్నో తీసి, మసక మచ్చలున్నాయేమో పెద్దది చేసి చూడండి, లోపలికి దుమ్ము పోతే అక్కడ తెలుస్తుంది. ఇంకో ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి లెన్స్ లోపల చూస్తే ఆవిరి మరకలు కనబడతాయి, అవి ఉన్నాయంటే ఆ ఫోన్‌లో ఎప్పుడో నీళ్లు దూరాయి. గోడకి న్యూస్‌పేపర్ ఆనించి ఎదురుగా నిలబడి ఒక ఫొటో తీయండి, నాలుగు మూలల్లో అక్షరాలు ఒకేలా ఉండాలి, ఒక మూల మాత్రం మసకగా ఉంటే ఆ ఫోన్ కింద పడిందనో, కెమెరా విప్పి సరిగ్గా బిగించలేదనో అనుమానించాలి.

వీడియో ఆన్ చేసి పది అడుగులు నడవండి. బొమ్మ జెల్లీలా వణికినా, కెమెరా తెరవగానే లోపల గుయ్‌మని చప్పుడొచ్చినా స్టెబిలైజేషన్ (చేతి వణుకు బొమ్మలో పడకుండా ఆపే ఏర్పాటు) పోయినట్టే. మన రోడ్ల మీద దీనికి పెద్ద కారణం బైక్ హ్యాండిల్‌కి బిగించే మొబైల్ హోల్డర్లు. ఎక్కువ పవర్ ఉన్న మోటార్‌సైకిల్ ఇంజన్ల ప్రకంపనలు కెమెరాని పాడుచేయొచ్చని 2021లో ఆపిల్ స్వయంగా హెచ్చరించింది. డెలివరీ చేసే అన్న వాడిన ఫోన్ అని తెలిస్తే ఈ టెస్ట్ రెండుసార్లు చేయండి. అన్నట్టు, కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫోన్ ఊపితే టక్‌టక్‌మనడం చాలా ఫోన్లలో మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు.

లేజర్ దెబ్బ సంగతి చాలామందికి తెలియదు. వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో, పెళ్లి బరాత్‌ల్లో డీజే వాళ్లు వేసే లేజర్ నేరుగా లెన్స్‌లోకి పడితే సెన్సర్ కాలిపోతుంది, ఆ తర్వాత ప్రతి ఫొటోలో ఒక రంగు గీతో చుక్కో శాశ్వతంగా ఉండిపోతుంది. లెన్స్‌ని వేలితో పూర్తిగా మూసి ఒక ఫొటో తీసి, ఆ నల్ల ఫొటోని పెద్దది చేసి చూస్తే మెరిసే చుక్కలు, గీతలు దొరికిపోతాయి.

ఐఫోన్‌లో ఫేస్ ఐడీ (మొహం చూపించి లాక్ తీయడం) పనిచేయకపోతే రేటు గట్టిగా దింపండి, లేదంటే వదిలేయండి. ఆఖరికి 4కే వీడియో ఒక ఐదు నిమిషాలు నడపండి, వేడెక్కి ఆగిపోతోందేమో తెలుస్తుంది. తీసిన ఫొటోలు మీ ఫోన్‌కి పంపుకుని చూడాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుకోండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోయి మంచి కెమెరా కూడా చెత్తగా కనబడుతుంది.

బ్యాటరీ గురించి క్లుప్తంగా: ఐఫోన్ 15 నుంచి వెయ్యి ఛార్జింగ్ సైకిల్స్‌కి, అంతకుముందువి ఐదొందల సైకిల్స్‌కి మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలిచేలా చేశామని ఆపిల్ చెబుతుంది. బ్యాటరీ హెల్త్ 80కి దగ్గరగా ఉంటే బ్యాటరీ మార్చే ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

దొంగ ఫోన్ కాకుండా

*#06# కొట్టి ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే సొంత నంబర్) చూసి, బాక్స్ మీదా బిల్లు మీదా ఉన్నదానితో సరిపోల్చండి. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, 15 అంకెల ఐఎంఈఐ వేసి 14422కి మెసేజ్ పంపండి. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనూ చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఆల్రెడీ ఇన్ యూజ్ అనో వస్తే ఎంత చవకైనా ముట్టుకోవద్దు. "బిల్లు లేదన్నా, గ్యారంటీ నాది" అనే మాటకి విలువ లేదు, రేపు మీరు అమ్మేటప్పుడు అవతలివాడు అడిగేది ఆ బిల్లే. మీ కళ్ల ముందే ఫోన్ రీసెట్ చేయించి, మళ్లీ ఆన్ చేసి హోమ్ స్క్రీన్ వచ్చేదాకా చూడండి. పాత ఓనర్ ఆపిల్ ఐడీ (ఇప్పుడు దాని పేరు ఆపిల్ అకౌంట్), గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో ఆపేయండి.

అమెరికా నుంచి బావగారో మేనల్లుడో తెచ్చిన ఫోన్ సంగతి వేరు. ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మేవాటికి సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోపలే ఉండే సిమ్) ఒక్కటే. వాడుకోవడానికి ఇబ్బంది లేదు, కానీ ఇక్కడ అమ్మబోతే సిమ్ స్లాట్ ఏదని అడిగి వెనక్కి తగ్గేవాళ్లే ఎక్కువ, కాబట్టి కొనేటప్పుడే ఆ తేడా పట్టుకోండి. జపాన్ ఐఫోన్లలో ఫొటో తీసేటప్పుడు వచ్చే చప్పుడు సైలెంట్‌లో పెట్టినా పోకపోవచ్చు, గుడిలో ఫొటో తీసినప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

వాడుతూ, అమ్ముతూ

మొదటి రోజు నుంచే పౌచ్, టెంపర్డ్ గ్లాస్ వేయండి. కెమెరా లెన్స్‌ల మీద అతికించే గాజు బిళ్లలు మాత్రం నేను వద్దంటాను, రాత్రిపూట లైట్ల చుట్టూ మసక వెలుగు వచ్చేది సగం వాటివల్లే, తీసేటప్పుడు జిగురు మిగిలిపోతుంది కూడా. స్క్రీన్ పగిలితే చవక డిస్‌ప్లే వేయించే ముందు ఆలోచించండి, అప్పుడు మిగిలిన డబ్బు కంటే అమ్మేటప్పుడు పోయేదే ఎక్కువ ఉండొచ్చు.

అమ్మేటప్పుడు ఎక్స్‌చేంజ్ తేలిక, రేటు తక్కువ. ఆన్‌లైన్‌లో పాత ఫోన్లు కొనే కంపెనీలు ముందు చూపించే అంకె అన్నీ బాగుంటే వచ్చేది, మనిషి ఇంటికొచ్చి చూశాక అది దిగుతుంది, ముందే మనసులో తగ్గించుకుని ఉండండి. తెలిసినవాళ్లకి నేరుగా అమ్మితేనే ఎక్కువ వస్తుంది. పైన చెప్పిన కెమెరా టెస్ట్‌లన్నీ మీరే చేసి ఆ ఫొటోలు, బ్యాటరీ స్క్రీన్‌షాట్, బిల్లు ఒకేసారి పంపితే బేరం చాలా తగ్గుతుంది.

ఇచ్చేముందు బ్యాకప్ తీసి, ఫైండ్ మై (పోయిన ఐఫోన్‌ని వెతికే సెట్టింగ్) ఆపి, ఆపిల్ ఐడీ లేదా గూగుల్ అకౌంట్, శాంసంగ్ అకౌంట్ సైన్ అవుట్ చేయండి. యూపీఐ, బ్యాంకు యాప్‌లు కొత్త ఫోన్‌లో పనిచేస్తున్నాయని చూసుకున్నాకే పాత ఫోన్‌లో ఈసిమ్ తీసేసి రీసెట్ కొట్టండి. కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబర్, ఐఎంఈఐ, తేదీ, రేటు ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి, గుర్తింపు కార్డు కాపీ కూడా. రేపు ఆ ఫోన్‌తో ఎవరైనా ఏదైనా చేస్తే పోలీసులు బిల్లు పట్టుకుని ముందు వచ్చేది మీ ఇంటికే, అప్పుడు చూపించడానికి ఆ కాగితం మీ దగ్గర ఉండాలి.