జావా డెస్క్‌టాప్ టెంప్లేట్: బిల్డ్ ఫైల్ బరువు దించండిలా

జావాఎఫ్‌ఎక్స్ (జావాలో డెస్క్‌టాప్ అప్లికేషన్ల తెరలు చేసే లైబ్రరీ) ప్రాజెక్టులకు గ్రేడిల్ అనే బిల్డ్ టూల్‌తో టెంప్లేట్ చేస్తున్నారా? అయితే విండోస్‌కి ఒకటి, మ్యాక్‌కి ఒకటి, లినక్స్‌కి ఒకటి అంటూ రాసుకున్న ఇఫ్-ఎల్స్ భాగాన్ని ముందు తీసేయండి. 2018లో వచ్చిన జావా 11 నుంచి ఒరాకిల్ జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్)లో జావాఎఫ్‌ఎక్స్ ఉండట్లేదు కాబట్టి చాలామంది ఒక్కో సిస్టమ్‌కి తగ్గ ఆ లైబ్రరీలను ఇలా చేత్తో కలుపుతుంటారు. అంత శ్రమ అక్కర్లేదు.

ఓపెన్‌జేఎఫ్‌ఎక్స్ (జావాఎఫ్‌ఎక్స్ ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు) వాళ్ల గ్రేడిల్ ప్లగిన్ పెడితే, బిల్డ్ నడిచే సిస్టమ్‌ని బట్టి సరైన ఫైళ్లను అదే ఎంచుకుంటుంది. మాడ్యూల్ పాత్ (జావా తన మాడ్యూళ్లను వెతికే చోటు) సంగతీ అదే చూసుకుంటుంది. మీరు రాయాల్సింది వెర్షన్, కావాల్సిన మాడ్యూళ్లు, అంతే. కంట్రోల్స్ మాడ్యూల్ పేరు రాస్తే గ్రాఫిక్స్, బేస్ వాటంతటవే వస్తాయి, కాబట్టి మళ్లీ రాయకండి. ఎఫ్‌ఎక్స్‌ఎంఎల్‌ని (తెర డిజైన్‌ని ఎక్స్‌ఎంఎల్‌లో రాసే పద్ధతి) మాత్రం విడిగా చేర్చాలి, అదీ వాడుతుంటేనే. వెబ్ పేజీలు చూపించే వెబ్ మాడ్యూల్‌ని వాడకపోయినా టెంప్లేట్‌లో వదిలేయడం నాకు అస్సలు నచ్చదు. అది చాలా పెద్దది, కొత్త ప్రాజెక్టు ప్రతిదీ ఆ భారం ఊరికే మోస్తుంది.

జావా వెర్షన్‌ని సోర్స్, టార్గెట్ అని రెండుచోట్ల రాయకుండా టూల్‌చెయిన్‌లో (ఏ జేడీకే వాడాలో గ్రేడిల్‌కి చెప్పే సెట్టింగ్) ఒక్కసారి చెప్పండి. కంపైల్, రన్, టెస్ట్ మూడూ అదే జేడీకే వాడతాయి.

ఇన్‌స్టాలర్ పనిని మామూలు బిల్డ్‌కి తగిలించకండి, వేరే టాస్క్‌గా ఉంచండి. జేప్యాకేజ్ (జేడీకేలోని ఇన్‌స్టాలర్ తయారీ టూల్) ఏ సిస్టమ్ మీద నడిస్తే దానికే ఇన్‌స్టాలర్ చేస్తుంది. లినక్స్‌లో కూర్చుని విండోస్ ఇన్‌స్టాలర్ అయిన ఎంఎస్‌ఐ ఫైల్ తీయలేం.