ఏ దేశం సముద్రంలో చేప తగ్గుతోందో లెక్కేసి చూడటం ఎలా

కాకినాడ రేవులో ఎవర్ని అడిగినా వేట తగ్గిపోయిందండి అంటారు, మరి ఇండియా మొత్తం మీద కూడా తగ్గిందా, పెరూలో, జపాన్‌లో ఎలా ఉంది అని పోల్చి చూడాలంటే నేనైతే ఇలా చేస్తా.

ఎఫ్ఏఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, వాళ్ల ఫిష్‌స్టాట్‌జే సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే దొరుకుతుంది, 1950 నుంచి దేశాలవారీ లెక్కలున్నాయి. అందులో క్యాప్చర్, అంటే వేటలో పట్టింది మాత్రమే, అదీ సముద్రానిది మాత్రమే తీసుకోండి. టోటల్ ప్రొడక్షన్ పట్టుకున్నారా, మన భీమవరం, ఆకివీడు చెరువుల్లో పెంచే చేపా రొయ్యా అన్నీ కలిసిపోయి ఇండియా గ్రాఫ్ పైపైకి పోతానే ఉంటుంది, ఉప్పాడలో వల వేసేవాడికి దాంతో ఏం సంబంధం చెప్పండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

తర్వాత, రెండంటే రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి తేల్చెయ్యొద్దు. సీఎంఎఫ్ఆర్ఐ, అంటే మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, లెక్కలో 2019లో మన దేశంలో ఒడ్డుకి వచ్చింది 35.6 లక్షల టన్నులు, 2020లో 27.3 లక్షలే, చేపలు లేక కాదు, లాక్‌డౌన్‌లో బోట్లు కట్టేసుకున్నాం కాబట్టి. అందుకే ఐదేళ్ల యావరేజ్ తీయండి, మొదటి ఐదేళ్లది 100 అనుకుని మిగతావి దాంతో పోల్చండి, అప్పుడు చిన్న దేశం పెద్ద దేశం ఒకే గ్రాఫ్‌లో పడతాయి.

ఆ తర్వాత ఏ చేప అన్నది విడదీయాలి, నా మటుకు అసలు పని ఇదే. పెరూ, చిలీ వైపు ఆంకోవెటా అని మన నెత్తళ్ల జాతి చేప, ఎల్‌నినో, అంటే పసిఫిక్ నీళ్లు వేడెక్కిపోవడం, దెబ్బకి 1998లో 17 లక్షల టన్నులకి పడిపోయి 2000 కల్లా కోటి దాటేసింది, ఈ ఒక్క చేప వల్ల దేశం మొత్తం గ్రాఫ్ ఊగిపోద్ది, కాబట్టి దాంతో ఒకసారి, అది తీసేసి ఒకసారి చూడండి. జపాన్‌కి 1980ల్లో సార్డిన్లు, అంటే మన కవళ్ల లాంటివి, విపరీతంగా పడి తర్వాత కూలిపోయాయి, 1984ని బేస్, అంటే 100గా పెట్టుకుంటే జపాన్ మరీ నాశనమైనట్టు కనిపిస్తుంది.

పాత లెక్కలు మారుతుంటాయి కూడా, 2006 వ్యవసాయ సెన్సస్ అయ్యాక చైనా తన చేపల ఉత్పత్తి లెక్కని 10 శాతం పైగా తగ్గించుకుంది, అందుకని పాత ఫైల్లోంచి సగం కొత్త ఫైల్లోంచి సగం అతికించొద్దు. ఇంకోటి, ఎఫ్ఏఓ లెక్కలో చేప బోటు మీదున్న జెండా దేశానిది, సీఎంఎఫ్ఆర్ఐలో దించిన రేవుది, కాకినాడ బోటు వైజాగ్‌లో దించితే అది వైజాగ్ ఖాతాలోకే.

చివరగా బోట్ల సంఖ్య, వేట రోజులు దొరికితే పక్కన పెట్టుకోండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, 2015కి ముందు 47 రోజులే. టన్నులు అంతే ఉండి, దాని కోసం బోటు ఇంకా లోపలికెళ్లి ఇంకా డీజిల్ కాల్చి ఇంకో రెండ్రోజులు ఉండాల్సొస్తే అక్కడ చేప తగ్గినట్టే, ఆ సంగతి టన్నుల గ్రాఫ్‌లో కనపడదు.