చైనా పత్రికలను చదివి మన విధాన చర్చకు అందించడం ఎలా? బ్రహ్మపుత్ర ప్రాజెక్టు ఆధారంగా

2020 నవంబరు చివర్లో బ్రహ్మపుత్ర మీద చైనా భారీ జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టబోతోందన్న వార్త మన పత్రికల్లోనూ టీవీ ఛానళ్లలోనూ విస్తృతంగా వచ్చింది. దాని మూలం చైనా ప్రభుత్వ ప్రకటన కాదు. చైనా జలవిద్యుత్ ఇంజనీరింగ్ సంఘం 40 ఏళ్ల సందర్భంగా జరిపిన సదస్సులో పవర్‌చైనా అనే ప్రభుత్వరంగ నిర్మాణ సంస్థ ఛైర్మన్ యాన్ జీయోంగ్ ప్రసంగించారు. ఆ ప్రసంగాన్ని కమ్యూనిస్టు యువజన సంఘం కేంద్ర కమిటీ చైనా సందేశాల యాప్ వీచాట్‌లోని తన ఖాతాలో పెట్టగా, గ్లోబల్ టైమ్స్ ఆంగ్ల సంచిక దానిని వార్తగా మలిచింది, ఆ ఆంగ్ల వార్త మన దాకా వచ్చింది. ఆయన మాటల అనువాదంలో చెప్పుకోదగిన తప్పేమీ లేదు. కానీ ఆ పని దక్కితే లాభపడే సంస్థ అధిపతి ఆ మాటలు అన్నాడని, విన్నవారు జలవిద్యుత్ ఇంజనీర్లని, అప్పటికి ఆ ప్రాజెక్టు పంచవర్ష ప్రణాళిక కోసం పార్టీ చేసిన ప్రతిపాదనల్లో ఒక ప్రస్తావనగా మాత్రమే ఉందని తెలియని పాఠకుడు రేపోమాపో తవ్వకం మొదలవుతుందనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రభుత్వ ఆమోదం 2024 డిసెంబరులో గాని బయటకు రాలేదు.

పరభాషా పత్రికలను గమనించి అనువదించే పని చేయదలచినవారు ముందుగా ఈ విషయం మనసున పెట్టుకోవాలి. వాక్యం ఎంత సరిగా తెలుగులోకి వచ్చినా, అది ఎవరి నోట, ఏ హోదాలో, పని ఏ దశలో ఉండగా వచ్చిందో పక్కన రాయకపోతే, ఆ సరైన అనువాదమే చర్చను పక్కదారి పట్టిస్తుంది.

ఈ పనికి పాత చరిత్రే ఉంది. బ్రిటన్‌లో బీబీసీ మానిటరింగ్ 1939లోను, అమెరికాలో విదేశీ ప్రసారాలను విని అనువదించే ప్రభుత్వ విభాగం 1941లోను మొదలయ్యాయి. అమెరికా విభాగం చేసిన అనువాదాలను ఎన్నో దశాబ్దాలు విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులు ఆధారంగా వాడుకున్నారు. 2013 డిసెంబరు 31తో ఆ సేవ బయటివారికి అందకుండా పోయింది. ప్రభుత్వాలు తమ కోసం తాము చదువుకుంటూనే ఉంటాయి. చట్టసభల్లో, పత్రికల్లో, తరగతి గదుల్లో వాదించుకునే మిగతావారికి చదివి పెట్టేవారు తక్కువ, కాబట్టి భాష వచ్చిన నలుగురు కలిసి ఒక చిన్న బృందంగా ఈ పని చేపట్టినా దానికి విలువ ఉంటుంది.

మొదట చేయవలసింది పత్రిక తెరవడం కాదు, ప్రశ్నలు రాసుకోవడం. బ్రహ్మపుత్ర విషయంలో మన దేశంలోనే ఏకాభిప్రాయం లేదు. 2025 జూన్‌లో అస్సాం ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ, నది భారతదేశంలోకి వచ్చాకే పెరుగుతుందని, ప్రవాహంలో చైనా వాటా 30 నుంచి 35 శాతం మాత్రమేనని అన్నారు. ఆ మరుసటి నెలలో అరుణాచల్ ముఖ్యమంత్రి పెమా ఖండూ ఆ ప్రాజెక్టును నీటి బాంబుగా వర్ణించారు. మరోవైపు అరుణాచల్‌లో సియాంగ్ అని పిలిచే అదే నదిపై మనమే 11,000 మెగావాట్ల ప్రాజెక్టు కట్టాలన్న ప్రతిపాదన ఉంది, దానిని వ్యతిరేకించే ఆది తెగ గ్రామాలూ ఉన్నాయి. ఈ వాదనల్లో ఏది బలపడాలన్నా చైనా వైపు నుంచి తెలియవలసిన అంశాలు కొన్నే: ప్రాజెక్టు ఏ దశలో ఉంది, నీటిని నిల్వ చేస్తుందా లేక మళ్లించి తిరిగి వదులుతుందా, కరెంటు ఎక్కడికి పోతుంది, దిగువ దేశాలకు నీటిమట్టాల సమాచారం ఇస్తారా. ఈ ప్రశ్నలు కాగితం మీద ఉంటే రోజూ కనిపించే వందల శీర్షికల్లో ఏది చదవాలో, ఏది వదిలేయాలో తేలుతుంది.

తరువాత మూలాల పట్టిక తయారు చేసుకోవాలి. ఇక్కడ తొందర పనికిరాదు. షిన్హువా ప్రభుత్వ వార్తా సంస్థ, అధికారిక నిర్ణయం మొదట కనిపించేది సాధారణంగా అక్కడే. రెన్‌మిన్ రిబావ్ (మనం పీపుల్స్ డెయిలీ అంటున్నది) పార్టీ కేంద్ర కమిటీ పత్రిక. అందులో సంపాదకీయానికి ఉన్న బరువు వ్యాఖ్యాత పేరుతో వచ్చే వ్యాసానికి ఉండదు, జోంగ్ షెంగ్ వంటి కలంపేరుతో వచ్చే అంతర్జాతీయ వ్యాఖ్య మరొక మెట్టు, విశ్రాంత అధికారి సొంత పేరుతో రాసినది ఇంకా కింది మెట్టు. గ్లోబల్ టైమ్స్ కూడా అదే పార్టీ పత్రిక సంస్థ నుంచి వచ్చేదే అయినా, 1993లో మొదలైన చైనీస్ సంచిక స్వదేశీ పాఠకుడి కోసం, 2009లో మొదలైన ఆంగ్ల సంచిక మనలాంటివారి కోసం రాస్తాయి. కాబట్టి ఆంగ్ల సంచికలోని ఘాటైన వాక్యాన్ని చైనా ప్రజలకు చెప్పిన మాటగా చూపడం పొరపాటు. ఒకే సంఘటనపై రెండు సంచికలనూ పక్కపక్కన పెట్టి చదివి, ఒకదానిలో ఉండి రెండవదానిలో లేనిదేదో రాసిపెట్టుకోవడం మంచి అభ్యాసం.

అయితే ఇంతకంటే ఎక్కువ సమాచారం దొరికేది పెద్దగా ఎవరూ చూడని పత్రికల్లో అని నా నమ్మకం. నీటి వనరుల రంగానికి, ఇంధన రంగానికి అక్కడ వేరే పత్రికలున్నాయి, టిబెట్ ప్రాంతీయ పార్టీ పత్రిక ఉంది, టెండరు ప్రకటనలు, స్టాక్ ఎక్స్ఛేంజీకి కంపెనీలు సమర్పించే పత్రాలు ఉన్నాయి. రోడ్డు, సొరంగం, సిబ్బంది క్వార్టర్ల టెండరు ఆవేశం లేని పొడి వాక్యాల్లో ఉంటుంది గాని, పని నిజంగా ఎంతవరకు వచ్చిందో సంపాదకీయాల కంటే అదే బాగా చెబుతుంది. వీచాట్ యాప్ 2020 జూన్‌లో మన దేశంలో నిషేధించిన 59 యాప్‌లలో ఒకటి గనుక, అక్కడి వ్యాసాలకు వార్తా సైట్లలో వచ్చిన పునర్ముద్రణ వెతుక్కోవాలి, నోట్‌లో అది పునర్ముద్రణ అనే రాయాలి.

వెతికే పదాల జాబితాలో ఊళ్ల పేర్లు రెండు భాషల్లోనూ ఉండాలి. మనం టిబెటన్ ఉచ్చారణతో న్యింగ్‌చీ, మెడోగ్ అనే చోట్లను చైనీస్ పత్రిక లిన్‌జీ, మోతువో అని రాస్తుంది. యార్లుంగ్ త్సాంగ్‌పో (టిబెట్‌లో బ్రహ్మపుత్ర పేరు) దిగువ ప్రాజెక్టును ముద్దుగా కుదించి యాషియా అంటారు, ఆ పొట్టి పేరు జాబితాలో లేకపోతే సగం వార్తలు జారిపోతాయి. బీజింగ్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఉదయం ఒకసారి, వారి సాయంత్ర వార్తలు వెలువడ్డాక మరొకసారి చూస్తే సరిపోతుంది.

అనువాదానికి కూర్చున్నప్పుడు మొదట పట్టుకోవలసింది దశను సూచించే మాటలు. చైనీస్ క్రియకు కాలభేదం ఉండదు. జరిగినదా, జరగబోయేదా అన్నది పక్కనున్న చిన్న మాటలను బట్టి తేల్చుకోవాలి. అందుకే ఈ ప్రాజెక్టుకు నేను వరుసగా నాలుగు గళ్లు గీస్తాను. 2020 నవంబరులో పార్టీ ప్రతిపాదనలలో ప్రస్తావన, 2021 మార్చిలో చైనా పార్లమెంటు ఆమోదించిన 14వ పంచవర్ష ప్రణాళికలో చోటు, 2024 డిసెంబరు 25న షిన్హువా తెలిపిన ప్రభుత్వ ఆమోదం, 2025 జులై 19న నిర్మాణ ప్రారంభం. కొత్త వార్త ఏది వచ్చినా అది ఏ గడిలో పడుతుందో ముందు తేల్చి ఆ తరువాతే అనువదించాలి. ఆల్మట్టి ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచడంపై ట్రైబ్యునల్ తీర్పు వేరు, గెజిట్ ప్రచురణ వేరు, గేట్లు బిగించడం వేరు అని కృష్ణా నీళ్ల తగాదా చూసిన తెలుగు పాఠకుడికి బాగా తెలుసు. అదే జాగ్రత్తను పొరుగు దేశపు వార్తకూ అన్వయించాలి.

అంకెల దగ్గర తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది, దానిని వదులుకోకూడదు. చైనీస్‌లో లెక్క వాన్, యీ అనే మానాల మీద నడుస్తుంది. వాన్ అంటే పది వేలు, యీ అంటే పది కోట్లు. రెండూ కలిసిన వాన్‌యీ సరిగ్గా మన లక్ష కోట్లు. అంటే 1.2 వాన్‌యీ యువాన్ల పెట్టుబడి మనకు నేరుగా 1.2 లక్షల కోట్ల యువాన్లు. ఆంగ్లం మీదుగా ట్రిలియన్లలోకి వెళ్లి మళ్లీ కోట్లలోకి వచ్చేసరికి ఒక సున్నా రాలిపోవడం తరచూ జరుగుతుంది. యాన్ జీయోంగ్ ప్రసంగంలోని 6,000 వాన్ కిలోవాట్లు అంటే 6 కోట్ల కిలోవాట్లు, మన వాడుకలో 60,000 మెగావాట్లు. ఏడాదికి 3,000 యీ కిలోవాట్ గంటలు అంటే 30,000 కోట్ల యూనిట్లు. ఇవి 2020 నాటి ప్రసంగపు అంచనాలని, 1.2 లక్షల కోట్ల సంఖ్య 2025 అధికారిక వార్తలోనిదని విడివిడిగా చెప్పాలి. యువాన్లను రూపాయల్లోకి మార్చితే మారకపు రేటు తేదీ కూడా వేయాలి.

నచ్చని పేర్లనూ మార్చకూడదు. అరుణాచల్ ప్రదేశ్‌ను చైనా పత్రికలు జాంగ్‌నాన్, అంటే దక్షిణ టిబెట్, అని రాస్తాయి. అక్కడి ఊళ్లకు, కొండలకు తాము పెట్టిన పేర్ల జాబితాలను చైనా పౌర వ్యవహారాల శాఖ 2017 నుంచి పలుమార్లు విడుదల చేసింది. అనువాదంలో ఆ పేరును అలాగే ఉంచి, ఇది అరుణాచల్ ప్రదేశ్‌కు చైనా వాడే పేరని, భారత్ దానిని తిరస్కరిస్తోందని మన మాటగా పక్కన చేర్చాలి. అనువాదకుడు దేశభక్తితోనే అయినా పేరు మార్చేస్తే, చైనా పత్రిక అరుణాచల్ అని ఒప్పుకున్నట్టు అయి కూర్చుంటుంది. అది మన వాదనకే నష్టం.

యంత్రానువాదాన్ని వడపోతకు నిస్సంకోచంగా వాడండి, ప్రచురణకు మాత్రం వద్దు. చైనీస్ వాక్యంలో కర్త తరచూ ఉండడు. యంత్రం ఒక కర్తను ఊహించి పెడుతుంది, అప్పుడు ఒక పరిశోధనా సంస్థ సలహా కాస్తా ప్రభుత్వ నిర్ణయంగా కనిపిస్తుంది. కర్త, కాలం, అంకె, వ్యతిరేకార్థం, ఈ నాలుగింటినీ మూలంతో సరిచూసే మనిషి ఉండాలి. భాష తెలిసినవారి పక్కన నీటిపారుదల తెలిసిన ఇంజనీరు ఒకరు కూర్చుంటే మరీ మంచిది, ఎందుకంటే సొరంగం ద్వారా నీటిని మళ్లించి కరెంటు తీసే పద్ధతికి, పెద్ద జలాశయంలో నీటిని ఆపే పద్ధతికి ఉన్న తేడాను నిఘంటువు చెప్పలేదు. వరద భయం, నీటి కొరత భయం రెండూ ఆ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

తయారైన నోట్ ఎలా ఉండాలో ఒకటి చూపుతాను. "షిన్హువా, న్యింగ్‌చీ, 2025 జులై 19. అధికారిక వార్త, వ్యాఖ్య కాదు. దశ: నిర్మాణ ప్రారంభం. యార్లుంగ్ త్సాంగ్‌పో దిగువ ప్రాజెక్టు పని మొదలైనట్టు ప్రధాని లీ చియాంగ్ ప్రకటించారు. నది వంపును కత్తిరించినట్టు సొరంగాల ద్వారా నీటిని మళ్లించే పద్ధతి, 5 విద్యుత్ కేంద్రాలు, సుమారు 1.2 లక్షల కోట్ల యువాన్ల పెట్టుబడి. కరెంటులో అధిక భాగం టిబెట్ వెలుపలికి, కొంత స్థానిక అవసరాలకు. వార్తలో లేనిది: జలాశయాల నిల్వ సామర్థ్యం." దీని కింద, గీత గీసి, మన వ్యాఖ్య వేరుగా ఉండాలి. మూలంలోని మాట, మన సారాంశం, మన అభిప్రాయం మూడూ ఒకే పేరాలో కలిసిపోతే, ఉపన్యాసం కోసం ఆ నోట్ వాడుకునే ఎంపీ గాని విలేకరి గాని మన ఊహను చైనా మాటగా చెప్పే ప్రమాదం ఉంది.

నోట్ చివరనున్న "వార్తలో లేనిది" అన్న వరుసను తేలికగా తీసుకోవద్దు. ఆమోదం వార్త వచ్చిన రెండు రోజులకు, దిగువ ప్రాంతాలపై చెడు ప్రభావం ఉండదని చైనా విదేశాంగ ప్రతినిధి మావో నింగ్ అన్నారు. ఆ భరోసాను నమోదు చేసినప్పుడు, దానిని పరీక్షించడానికి కావలసిన సమాచారం బయట ఉందా లేదా అన్నది కూడా నమోదు చేయాలి. వరద కాలంలో నుగేషా, యాంగ్‌త్సున్, నుషియా అనే నీటిమట్టం కొలిచే కేంద్రాల సమాచారాన్ని చైనా మనకు ఇచ్చేందుకు 2002లో కుదిరి, తరువాత పొడిగిస్తూ వచ్చిన అవగాహన ఒప్పందం 2023 జూన్‌తో ముగిసింది. డోక్లాంలో సైన్యాలు ఎదురెదురుగా నిలిచిన 2017లో ఆ సమాచారం అందలేదని మన విదేశాంగ శాఖ చెప్పగా, కేంద్రాల మరమ్మతులే కారణమని చైనా అంది. ఈ రెండు మాటలూ నోట్‌లో పక్కపక్కన ఉండాలి.

ఎంపిక గురించి కూడా కఠినంగా ఉండాలి. వారమంతా వచ్చిన వంద వార్తల్లో అత్యంత కోపంగా ఉన్న రెండింటిని అనువదించి పంపితే ప్రతి వాక్యమూ సరిగానే ఉంటుంది, మొత్తం చిత్రం మాత్రం అబద్ధమవుతుంది. ఏవి చదివాం, ఏవి ఎందుకు వదిలాం అన్నది నెలకొకసారి పట్టికగా ఇవ్వడం, ప్రాజెక్టు వల్ల భూకంప, పర్యావరణ ప్రమాదాలను ప్రస్తావించే చైనా శాస్త్రవేత్తల వ్యాసాలకూ చోటు పెట్టడం దీనికి మందు.

చదివిన ప్రతి పేజీని చదివిన రోజే పీడీఎఫ్‌గా, స్క్రీన్‌షాట్‌గా దాచి, లింకు, తేదీ, సమయం రాయండి. పేజీలు మాయమవుతాయి, శీర్షికలు మారతాయి. వ్యాసం మొత్తాన్ని అనువదించి ప్రచురించడానికి హక్కుదారు అనుమతి కావాలి, కాబట్టి సారాంశం రాసి, అవసరమైన వాక్యాలను మాత్రమే ఉదహరించండి. అనువాదంలో తప్పు బయటపడితే పాత నోట్‌ను నిశ్శబ్దంగా మార్చకుండా, సవరణను తేదీతో దాని పైభాగాన వేసి, మొదటి నోట్ అందుకున్న ప్రతి ఒక్కరికీ ఆ సవరణను అదే రోజు పంపించండి.