అరుదుగా వినిపించే బీథోవెన్ బృందగానాల కచేరీని ఎలా వినాలి?

జర్మన్ స్వరకర్త బీథోవెన్ తొమ్మిదో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) వినే అవకాశం చాలామందికి దొరుకుతుంది. కోరస్‌కూ (గాయక బృందానికీ) ఆర్కెస్ట్రాకూ కలిపి ఆయన రాసిన చిన్న రచనలు మాత్రం వేదికెక్కడం అరుదు. ఎనిమిది నిమిషాల పాట కోసం అంతమంది గాయకుల్నీ వాద్యకారుల్నీ పిలిపించాలంటే నిర్వాహకులకు తలకు మించిన ఖర్చు మరి. అందుకే మీ ఊళ్లో అలాంటి కచేరీ పడితే వదులుకోకండి. కచేరీ లేకపోతే రికార్డింగులతోనైనా ఈ వరుసలో వినండి.

1. ముందురోజే సాహిత్యం చదవండి. పాటలు జర్మన్‌లో ఉంటాయి. అనువాదం ఒక్కసారి చూసుకున్నా చాలు, హాల్లో కాగితం వైపు చూడనక్కర్లేదు.

2. ఆస్ట్రియాను ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్ మరణంపై రాసిన కాంటాటాతో (గాయకులూ కోరస్సూ ఆర్కెస్ట్రాతో కలిసి పాడే రచనతో) మొదలుపెట్టండి. 1790లో రాసేనాటికి బీథోవెన్‌కు పందొమ్మిదేళ్లు. ఆయన బతికుండగా దీన్ని ఎవరూ పాడలేదు. 1884లో గానీ వియన్నా శ్రోతల చెవిన పడలేదు. ‘మృత్యువు, మృత్యువు’ అంటూ కోరస్ మూలుగుతుంది. ఆ చీకటి తర్వాత, మనుషులు వెలుగులోకి లేచారంటూ సొప్రానో (పైస్థాయిలో పాడే గాయని) పాడే చోట చెవులు రిక్కించండి. ఆ బాణీని మనసులో దాచుకోండి, చివర్లో పనికొస్తుంది.

3. తర్వాత ‘నిశ్చల సముద్రం, శుభయానం’. జర్మన్ కవి గేటే రాసిన రెండు కవితలకు బీథోవెన్ కట్టిన సంగీతమిది. సముద్రం నిశ్చలంగా ఉంటే మంచిదే కదా అనుకుంటాం. కానీ తెరచాప ఓడకు గాలి ఆగిందంటే ప్రాణభయమే. గొంతులు గుసగుసగా సాగి, అంతులేని విస్తీర్ణం అనే మాట దగ్గర ఒక్కసారిగా పైస్థాయికి ఎగుస్తాయి. నాకు అక్కడ ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

4. పియానో, ఆర్కెస్ట్రా, కోరస్ కలిసి పలికే ‘కోరల్ ఫాంటసీ’కి ఓపిక పట్టండి. 1808 డిసెంబరు 22న వియన్నాలో, చలిలో నాలుగు గంటలు నడిచిన కచేరీ చివర దీన్ని మొదటిసారి వాయించారు. మధ్యలో తాళం తప్పితే బీథోవెన్ ఆపి మళ్లీ ఎత్తుకున్నాడు. మొదట పియానో ఒక్కటే, మనవాళ్లు రాగం తీసినట్టు, తోచిన దారిన పోతుంది. ఆ రాత్రి ఆ భాగాన్ని ఆయన అప్పటికప్పుడు వాయించాడట. తర్వాత ఒక చిన్న బాణీ వస్తుంది. కృతిలో సంగతులు వేసినట్టే దాన్ని ఫ్లూటు, ఓబోలు, తీగవాద్యాలు ఒక్కొక్కరుగా మార్చి మార్చి పలికిస్తాయి. కోరస్ పాడేది చివరి అయిదు నిమిషాలే. ఆ బాణీ తెలిసినట్టే అనిపిస్తే మీరు సరిగ్గా విన్నట్టే. పదహారేళ్ల తర్వాత తొమ్మిదో సింఫనీ చివర కోరస్ పాడే ప్రసిద్ధ ఆనందగీతానికి ఇది అక్కలాంటిది.

5. చప్పట్లు రచన మొత్తం పూర్తయ్యాకే.

6. ఇంటికొచ్చాక బీథోవెన్ రాసిన ‘ఫిదేలియో’ ఒపెరా (సంగీత నాటకం) చివరి అంకం పెట్టుకోండి. నాయిక లియోనోర్ చెరలో ఉన్న తన భర్త సంకెళ్లు విప్పే ఘట్టం వినండి. అక్కడ ఎత్తుకునేది జోసెఫ్ కాంటాటాలో మీరు దాచుకున్న ఆ బాణీనే.